విడుదల పొందినవాడు మళ్లీ ఎందుకు పడతాడు?

ఆరాధన ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటున్న వేళ ఎవరో ఒకరు వెనకే ఆగిపోతారు. మందిరం ఖాళీ అయ్యాక కాపరి దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడుగుతారు: "అయ్యగారూ, బాప్తిస్మం తీసుకుని ఇన్నేళ్లయింది. ఇంకా అదే పాపంలో పడుతున్నాను. నాకు రక్షణ ఉన్నట్టా, లేనట్టా?" ఆ పాపం తాగుడు కావచ్చు, క్రికెట్ బెట్టింగ్ కావచ్చు, అర్ధరాత్రి సెల్‌ఫోన్‌లో చూసే బొమ్మలు కావచ్చు, భార్య మీద లేచే చెయ్యి కావచ్చు.

గుంటూరులోనూ విజయవాడలోనూ ఈ ప్రశ్నకు ఎక్కువగా వినిపించే జవాబులు రెండు. "ఇంకా ప్రార్థన చెయ్యి, ఉపవాసం ఉండు" అనేది ఒకటి. "నీకు నిజమైన మారుమనస్సు కలగలేదు, ఈసారి సభలకు వచ్చి మళ్లీ సమర్పించుకో" అనేది ఇంకొకటి. మొదటి జవాబు అప్పటికే మోయలేక మోస్తున్నవాడి నెత్తిన మరో మూట పెడుతుంది. రెండోది వింటే కాళ్ల కింద నేల కదిలిపోతుంది. అడిగినవాడు తలూపి వెళ్లిపోతాడు, మళ్లీ అడగడు.

క్రైస్తవ విశ్వాసం చెప్పే విడుదల ఈ రెండు జవాబులకన్నా పెద్దది, ఓపిక గలది. క్షమాపణ ఒక్క క్షణంలో దొరుకుతుంది. పాపపు పట్టు సడలడానికి మాత్రం కాలం పడుతుంది, తోటి మనుషులు కావాలి. మొదటిది దేవుడు ఒక్కడే చేసే పని. రెండోది దేవుడు సంఘాన్ని తోడిచ్చి ఆ మనిషి చేత చేయించే పని. మన సంఘాల్లో చాలావరకు మొదటిదాన్ని మైకుపెట్టి ప్రకటించి, రెండోదాన్ని ఆ మనిషికే వదిలేసి ఇంటికి పంపేస్తున్నారు. బాధ అక్కడే మొదలవుతోంది.

యజమాని మారిన సంగతి

యేసు అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి పత్రిక (ఉత్తరం) రాసింది సుమారు క్రీ.శ. 57లో, కొరింథులో ఉండగా అని పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారు. రోమీయులు క్రీ.పూ. 146లో నేలమట్టం చేసిన ఆ పట్నాన్ని క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు తిరిగి కట్టించాడు. అక్కడ కాపురం పెట్టించినవాళ్లలో చాలామంది దాస్యం నుంచి విడుదలైనవాళ్లే. దాసుడిగా పుట్టి స్వతంత్రుడైనవాడు ఎలా బతుకుతాడో పౌలుకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు, వీధిలోకి వెళ్తే కనిపిస్తుంది. చట్టం వాడిని స్వతంత్రుడంటుంది. పాత యజమాని ఎదురైతే మాత్రం కొన్ని మర్యాదలు, కొన్ని సేవలు ఇంకా బాకీ ఉంటాయి.

పాపం గురించి మాట్లాడటానికి పౌలు ఈ బతుకునే ఎంచుకున్నాడు. అతని లెక్కలో పాపం తప్పుల చిట్టా మాత్రమే అయితే చెరిపేస్తే సరిపోయేది. కానీ పాపం ఒక యజమాని, మనిషి చేత చాకిరీ చేయించుకుంటుంది. యేసు మాటా అదే: "పాపము చేయు ప్రతివాడును పాపమునకు దాసుడు" (యోహాను 8:34). దాని వెంటనే రెండు వచనాల తర్వాత, "కుమారుడు మిమ్మును స్వతంత్రులనుగా చేసినయెడల మీరు నిజముగా స్వతంత్రులైయుందురు." సిలువ మీద జరిగింది రెండు పనులు. శిక్షను క్రీస్తు తన మీద వేసుకున్నాడు. పాపానికి మనిషి మీద ఉన్న హక్కును కూడా తెంచాడు. చనిపోయినవాడి మీద ఏ యజమానికీ హక్కుండదు కాబట్టి, క్రీస్తుతో కూడా మరణించి లేచినవాడిగా విశ్వాసి తనను తాను "ఎంచుకోవాలి" అని రోమా 6:11 చెబుతుంది. "పాపము మీమీద ప్రభుత్వము చేయదు" అని మరి మూడు వచనాల తర్వాత హామీ ఇస్తుంది.

అలాంటప్పుడు ఇంకా ఎందుకు పడుతున్నట్టు? కృష్ణా డెల్టాలో పాతకాలం మనుషులకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు పెద్దరైతు ఇంట పాలేరుగా కుదిరి, వడ్డీ తీరక, అసలు కదలక, ఏళ్ల తరబడి చాకిరీ చేసిన కుటుంబాలు ఉండేవి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి అలాంటి అప్పులు చెల్లవంది. అప్పు పోయింది. అయినా తెల్లవారుజామున దొడ్డి వైపు నుంచి "ఒరేయ్" అని కేక వినబడితే ఒళ్లు దానంతటదే లేచి నిలబడేది. ఆ కేకకు లేవకుండా కూర్చోవడం నేర్చుకోవడానికి చట్టం ఒక్కటే చాలదు. పక్కన ఉండి "నువ్విక వెళ్లక్కర్లేదు" అనే మనిషి కావాలి. తెల్లారి లేచి చేసుకోవడానికి సొంత పని కావాలి.

శోధన ఆ కేకలాంటిదే. కేక వినబడినంత మాత్రాన అప్పు తిరగబెట్టినట్టు కాదు. ఒక్కోసారి లేచి నాలుగడుగులు వేసినా, అప్పుపత్రం మళ్లీ పుట్టదు. తనకు రక్షణ ఉందా లేదా అని నలిగిపోయే విశ్వాసికి ముందుగా చెప్పవలసిన మాట ఇది. "కాబట్టి యిప్పుడు క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" అని రోమా 8 మొదలవుతుంది. ఆ "కాబట్టి" దేని తర్వాత వచ్చిందో చూడాలి. "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అని, "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను?" అని ఏడ్చిన ఏడో అధ్యాయం వెనకాలే వచ్చింది. గెలిచినవాడి మెడలో వేసిన దండ కాదది, ఓడిపోతున్నవాడికి అందించిన చెయ్యి.

ఆ ఏడో అధ్యాయంలో ఏడుస్తున్నది ఎవరు? క్రీస్తును ఎరగని మనిషా, ఎరిగిన విశ్వాసా? సంఘంలో ఇది చాలా పాత చర్చ. తొలి శతాబ్దాల సంఘ గురువు అగస్టీను మొదట్లో అది కృప ఎరగనివాడి గొంతు అనుకున్నాడు. తర్వాత తన అభిప్రాయం మార్చుకుని, అది విశ్వాసి గొంతు కూడా అన్నాడు. పదహారో శతాబ్దపు సంఘ సంస్కర్త లూథరు అదే దారిలో నడిచి, విశ్వాసి ఒకే సమయంలో నీతిమంతుడూ పాపీ అని బోధించాడు. 1842 జూలైలో మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు చేరినప్పటి నుంచి ఈ ప్రాంతంలో వేళ్లూనుకున్న లూథరన్ సంప్రదాయం ఆ బోధ మీదే నిలబడింది. దాన్ని పాపానికి అనుమతిపత్రంగా వాడుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు పౌలే జవాబు చెప్పాడు, "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు" అని.

విడుదలకు ఎంత కాలం పట్టవచ్చో తెలియాలంటే జాన్ న్యూటన్ జీవితం చూడాలి. బానిసల వ్యాపారంలో పనిచేసిన ఈ నావికుడు 1748 మార్చిలో తుపానులో చిక్కుకున్నప్పుడు దేవుణ్ని వేడుకున్నాడు. తన మారుమనస్సుకు ఆ రోజునే గుర్తుగా జీవితాంతం పెట్టుకున్నాడు. కానీ ఆ తర్వాత 1750 నుంచి 1754 వరకు బానిసలను తరలించే ఓడలకు కెప్టెన్‌గా పనిచేశాడు. ఓడ మీద ప్రార్థనలు జరిపిస్తూనే కింది అరల్లో మనుషులను గొలుసులతో కట్టి తీసుకెళ్లాడు. సముద్రం వదిలింది కూడా మనస్సాక్షి పొడిచి కాదు, జబ్బు చేసి. ఆ వ్యాపారం ఎంత ఘోరమో బహిరంగంగా రాసి ఒప్పుకున్నది 1788లో. తుపాను నుంచి ఒప్పుకోలు దాకా నలభై ఏళ్లు. దేవుడు అతన్ని 1748లో క్షమించాడనే క్రైస్తవులు నమ్ముతారు. అతని కళ్లు పూర్తిగా తెరుచుకోవడానికి మాత్రం నలభై ఏళ్లు పట్టింది. ఆ నలభై ఏళ్ల మూల్యం వేరేవాళ్లు చెల్లించారన్నది మరిచిపోకూడదు. విడుదల నిదానంగా వస్తుంది కదా అని తాపీగా కూర్చునే హక్కు అందుకే ఎవరికీ లేదు.

"ఏ భేదమును లేదు"

పాపం గురించి మన ప్రాంతంలో మాట్లాడేటప్పుడు వేరే ఊళ్లలో అంతగా అవసరం లేని ఒక సంగతి ఇక్కడ తప్పనిసరి. ఇక్కడి సంఘాల్లో ఎక్కువమంది తాతముత్తాతలు మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. పుట్టుకతోనే మైలపడ్డవాళ్లని ఊరు వాళ్లకు చెప్పింది. నీడ తగలకూడదంది, బావి ముట్టకూడదంది. అలాంటి మనిషి దగ్గరకొచ్చి "నువ్వు పాపివి" అంటే ఏమని వినిపిస్తుంది? ఊరు అన్నదే మళ్లీ అన్నట్టు వినిపించాలి. అయినా వేలమంది ఆ మాటను సువార్తగా ఎలా తీసుకున్నారు?

రోమా 3లో ఆ మాట ముందు ఏముందో చదివితే తెలుస్తుంది. "ఏ భేదమును లేదు; అందరును పాపముచేసి దేవుడు అనుగ్రహించు మహిమను పొందలేక పోవుచున్నారు." పల్లెవాడు పాపి అయితే మునసబూ పాపే, కరణమూ పాపే. దేవుడి ముందు ఒకే వరుస. పుట్టుక వల్ల అంటిందని చెప్పిన మైలకూ, మనిషి తన చేతులతో చేసిన పాపానికీ సంబంధం లేదని ఆ వాక్యం తేల్చేసింది. మైల పోగొట్టుకోవడానికి దారే లేదని ఊరు చెప్పిన చోట, పాపం పోగొట్టుకోవడానికి దారి ఉందనే కబురు వచ్చింది.

1876–78 కరువు తర్వాత ఒంగోలు ప్రాంతంలో జరిగింది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బియ్యం కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు పనులు నడిచినంతకాలం మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆయన కొత్త విశ్వాసుల ముందు పెట్టిన నియమాల్లో ఆదివారం పని మానడం, చచ్చిన పశువు మాంసం తినకపోవడం ఉన్నాయి. పైకి చూస్తే చిన్న నియమాలు. కానీ ఆదివారం పనికి రానని చెప్పడమంటే వారంలో ఒక రోజు రైతుకు చెందదని చెప్పడం. చచ్చిన పశువును తిననంటే ఊరు తమకు కేటాయించిన చోటును కాదనడం. యజమాని మారాడన్న రోమా పత్రిక బోధ వాళ్ల బతుకులో ఆ రూపంలో అడుగుపెట్టింది.

అందుకే పాపం నుంచి విడుదల గురించి బోధించేవాళ్లు, మనిషి చేసిన పాపాన్నీ, మనిషి మీద ఇతరులు చేసిన పాపాన్నీ కలిపి కట్టకూడదు. మొదటిదానికి పశ్చాత్తాపం కావాలి. రెండోదానికి న్యాయం, ఓదార్పు కావాలి. 1895లో వినుకొండలో పుట్టిన కవి గుర్రం జాషువాను అంటరానితనం జీవితమంతా వెంటాడింది. ఆయన తన "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నాడు. క్రీస్తును అంతగా ప్రేమించినవాడు కులం పెట్టిన హింస గురించి నోరు మూసుకోలేదు. అవమానం పడినవాడు పశ్చాత్తాపపడాలని ఏ సువార్తా చెప్పదు. చిన్నప్పుడు ఇంట్లోనే లైంగిక హింసకు గురై, పెద్దయ్యాక కూడా "నేను అపవిత్రురాలిని" అని కన్నీటి ప్రార్థనలో క్షమాపణ అడుక్కుంటున్న అమ్మాయికి ఎవరైనా ఈ తేడా చెప్పాలి. ఆమె ఒప్పుకోవలసిన పాపం అక్కడ ఏదీ లేదు.

ఇదే కొలత సంఘానికీ వర్తిస్తుంది. మాల సంఘం, మాదిగ సంఘం అని వేరు వేరు మందిరాలు కట్టుకుని, పెళ్లి సంబంధం దగ్గరకొచ్చేసరికి "మనవాళ్లేనా" అని వాకబు చేస్తూ, తాగుబోతు ఒక్కడినే పాపిగా ముందు వరుసలో నిలబెట్టే సంఘం తన పాపాన్ని ఇంకా ఒప్పుకోలేదు.

ఎవరికి చెప్పుకోవాలి

గుణదల కొండకు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలకు లక్షల్లో జనం వస్తారు. 1924లో ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి అక్కడ మాత స్వరూపాన్ని నెలకొల్పినప్పటి నుంచి ఇది నడుస్తోంది. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయలు పట్టుకున్నవాళ్లు, కొవ్వొత్తులు వెలిగించేవాళ్లు, మోకాళ్ల మీద మెట్లెక్కేవాళ్లు. క్రైస్తవులు కానివాళ్లూ వాళ్లలో చాలామందే ఉంటారు. ఇంత సందడిలో జనం కంట పెద్దగా పడనిది ఒకటుంది, పాపసంకీర్తనం. గురువు ఒకరు కూర్చుని ఉంటారు. ఎదుట ఒక మనిషి మోకరించి, ఎవరికీ చెప్పనిది మెల్లగా చెబుతాడు. గురువు విన్నదాన్ని ప్రాణం పోయినా బయటపెట్టకూడదన్నది కతోలిక సంఘ నియమం.

మొక్కుకూ ఈ ఒప్పుకోలుకూ తేడా ఉంది. మొక్కులో మనిషి ఏదో ఒకటి చెల్లిస్తాడు, జుట్టో డబ్బో నడకో. కృతజ్ఞతగా చెల్లిస్తే అది మంచిదే. కానీ పాపానికి బదులుగా చెల్లిస్తున్నానని లోపల ఎక్కడో అనుకుంటే, క్షమాపణ కొనుక్కున్నట్టవుతుంది. ఏ క్రైస్తవ శాఖా, కతోలిక శాఖతో సహా, అలా బోధించదు. ఒప్పుకోలులో మనిషి చేతిలో ఏమీ ఉండదు. యేసు చెప్పిన కథలో, దేవాలయంలో దూరంగా నిలబడి "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్న సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) దగ్గరా ఏమీ లేదు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది అతనే.

ప్రొటెస్టెంట్ సంఘాల్లో "దేవుడికి చెప్పుకుంటే చాలు, మనిషికెందుకు" అనే మాట గట్టిగా వినిపిస్తుంది. 1 యోహాను 1:9 ప్రకారం క్షమాపణకు అది చాలు, సందేహం లేదు. లూథరు మాత్రం ఏకాంత ఒప్పుకోలును వదలలేదు. 1529 నాటి తన చిన్న ప్రశ్నోత్తర గ్రంథంలో ఎలా ఒప్పుకోవాలో నేర్పే భాగం కూడా పెట్టాడు. యాకోబు పత్రిక ఇంకా సూటిగా చెబుతుంది: "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి, మీరు స్వస్థతపొందునట్లు ఒకనికొరకు ఒకడు ప్రార్థనచేయుడి." క్షమాపణ దేవుడి దగ్గర, స్వస్థత తోటివాడి ఎదుట. రహస్యంగా ఉన్నంతకాలం పాపం బలంగా ఉంటుంది. ఒక్క మనిషికి తెలిసినా దాని బలం సగం తగ్గుతుంది. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఒక క్రైస్తవ ఉద్యమం నుంచే దీన్ని నేర్చుకుంది. వాళ్ల పన్నెండు మెట్లలో ఐదోది, చేసిన తప్పులను దేవుడికీ తనకూ మరొక మనిషికీ ఉన్నవి ఉన్నట్టు ఒప్పుకోవడం.

మన సంఘాల్లో దీనికి బదులు సాక్ష్యం ఉంది. సాక్ష్యం మంచిది, ఎందరికో ధైర్యమిచ్చింది. కానీ సాక్ష్యం ఎప్పుడూ గడిచిపోయినదాని గురించే. "ఒకప్పుడు తాగేవాణ్ని, ప్రభువు విడిపించాడు" అంటాం. "నిన్న తాగాను" అని చెప్పడానికి ఆదివారం ఆరాధనలో చోటు లేదు. గృహకూడికలోనూ లేదు. చెప్పినవాడి సంగతి తెల్లారేసరికి "ప్రార్థన అంశం" పేరుతో వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. "ఫలానా బ్రదర్ గురించి భారంగా ప్రార్థించండి" అని రాసినవాళ్లకు తాము ఏం చేశారో తెలియకపోవచ్చు. ఆ బ్రదర్ మాత్రం ఇక నోరు విప్పడు. నోరు కట్టుకుని వినే మనుషులు ఇద్దరు ముగ్గురు ఉన్న సంఘంలో ఏటా పెట్టే ఉజ్జీవ సభలు చేయలేని పని జరుగుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు బాధ పడేవాళ్లూ కొందరుంటారు. ఒప్పుకున్నదే మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ, మనసులో మెదిలిన ప్రతి ఆలోచనా పాపమేనని భయపడుతూ నిద్రపోనివాళ్లు. ఇది భక్తి ఎక్కువై వచ్చింది కాదు. చాలాసార్లు వైద్యం ఉన్న జబ్బు. వాళ్లను ఇంకా ఒప్పుకోమని తరమకుండా మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

జక్కయ్య, మిర్చి యార్డు

ఆసియాలోనే పెద్దదిగా పేరున్న గుంటూరు మిర్చి యార్డులో సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) కొండల్లా పేరుకుంటాయి. రాత్రంతా లారీ మీద వచ్చిన రైతు ఘాటుకు తుమ్ముతూ తన సరుకు పక్కనే కూర్చుంటాడు. మచ్చు తీస్తారు, ధర చెబుతారు, కాటా వేస్తారు. మచ్చు పేరుతో తీసింది తిరిగి సంచిలోకి చేరకపోయినా, తేమ పేరుతో లెక్కకు మించి తరుగు కోసినా, రైతు ఏమీ అనలేడు. సరుకు వెనక్కి తీసుకెళ్లే కిరాయి అతని దగ్గర ఉండదు.

అలాంటి చోట వ్యాపారం చేసే ఒక విశ్వాసికి పాపం నుంచి విడుదల కలిగిందనుకుందాం. ఏం మారాలి? ఆదివారం కానుక పెరగడం సరిపోతుందా? లూకా 19లో, సుంకపు గుత్తదారుడైన జక్కయ్య యేసుతో అన్నది ఇది: "నా ఆస్తిలో సగము బీదలకిచ్చుచున్నాను, నేనెవనియొద్దనైనను అన్యాయముగా దేనినైనను తీసికొనినయెడల అతనికి నాలుగంతలు మరల చెల్లింతును." అప్పుడు యేసు "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నాడు. డబ్బు తిరిగిచ్చి రక్షణ కొనుక్కోలేదతను. యేసు తనంతట తానే ఆ ఇంటికి వస్తానన్నాడు, ఆ తర్వాతే జక్కయ్య చేతులు తెరుచుకున్నాయి. అయినా అతను చెల్లించింది దేవాలయానికి కాదన్నది గమనించాలి. ఎవరి దగ్గర లాక్కున్నాడో వాళ్లకే. తరుగులో కోసిన డబ్బు తిరిగి రైతుకే చేరాలి. మందిరం గచ్చుకో ప్రహరీకో ఇచ్చి ఊరుకుంటే జక్కయ్య చేసింది చేసినట్టు కాదు. ఎవరికి ఎంత అని తెలియని పాత లెక్కలకు బీదలున్నారు, దొంగిలినవాడు కష్టపడి అక్కరగలవాళ్లకు పంచిపెట్టాలని ఎఫెసీ 4:28 చెబుతుంది. 2015 చివర్లో విజయవాడలో బయటపడ్డ కాల్‌మనీ వ్యవహారం (అధిక వడ్డీకి అప్పులిచ్చి వేధించడం) లాంటివి చూసినప్పుడు, వడ్డీ వ్యాపారం చేసే విశ్వాసులకు ఈ అధ్యాయం ఎందరు బోధకులు చదివి వినిపించారా అనిపిస్తుంది.

ఇక బొట్టు, పువ్వులు, నగలు. కొన్ని సంఘాల్లో పాపం నుంచి విడుదలకు గుర్తుగా ఆడవాళ్ల ఒంటి మీది బంగారం తీయిస్తారు. తల్లిదండ్రులు పెట్టిన గాజులు తీసేసిన ఆమె భర్త అదే వారం బెట్టింగ్‌లో కౌలు డబ్బు పోగొట్టుకున్నా ఎవరూ అడగరు. "చేతపట్టుకొనవద్దు, రుచిచూడవద్దు, ముట్టవద్దు" అనే నియమాలకు ఎందుకు లోబడతారని కొలొస్సయులను పౌలు నిలదీశాడు. కనబడే వాటిని తీసేయించడం సులువు కాబట్టి అక్కడే ఆగిపోతున్నారు.

ఒంటికి పట్టిన పాపం

తాగుడు విషయంలో ప్రాణం మీదికొచ్చే జాగ్రత్త ఒకటుంది. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి సభలో ప్రార్థన చేయించుకుని ఆ రాత్రి నుంచే చుక్క ముట్టకుండా ఆపేస్తే, మొదటి మూడు నాలుగు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, లేనివి ఉన్నట్టు కనబడటం రావచ్చు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. చూసేవాళ్లు దాన్ని దయ్యం వదలడం లేదని అపార్థం చేసుకుని, ఆసుపత్రికి బదులు మళ్లీ ప్రార్థనకే తీసుకెళ్తే మనిషి దక్కడు. వైద్యుడి పర్యవేక్షణలో ఆపడం అవిశ్వాసం కాదు. 1883లో గుంటూరు వచ్చి ఇక్కడే కన్నుమూసిన డాక్టర్ అన్నా కుగ్లర్ మందులనూ ప్రార్థననూ ఒకే ఆసుపత్రిలో నడిపింది. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

బెట్టింగ్‌కు ఒంట్లో వణుకు రాదు, కానీ పోగొట్టుకున్నది తిరిగి రాబట్టాలన్న తపన తాగుడుకు తీసిపోదు. అగస్టీను తన గతం గురించి రాస్తూ, వక్రించిన కోరిక అలవాటైందని, అలవాటును అడ్డుకోకపోతే తప్పనిసరి అయిందని, తనను కట్టిన గొలుసు తన ఇష్టంతోనే చేసినదని చెప్పాడు. ఒక్కో కడియం కలుపుకుంటూ వచ్చిన గొలుసును ఒక్కో కడియమే విప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ జూదాన్ని 2020లోనే నిషేధించారు, అయినా ఫోన్‌లో దారులు దొరుకుతూనే ఉన్నాయి. "నీ కుడి కన్ను నిన్ను అభ్యంతరపరచినయెడల దాని పెరికి పారవేయుము" అన్న మాటను ఈ కాలంలో పాటించడమంటే యూపీఐ తీయించేసి, బ్యాంకు కార్డు భార్య చేతికిచ్చి, మ్యాచ్ ఉన్న సాయంత్రాల్లో ఒంటరిగా ఉండకపోవడం. చిన్నతనం అనిపిస్తుంది. పట్టు సడలేది ఇలాంటి పనులతోనే.

భార్యను కొట్టే మనిషి విషయంలో ఇంకో మాట చేర్చాలి. అతను ఏడ్చి ఒప్పుకున్నాడని, దేవుడు క్షమించాడు కాబట్టి "నువ్వూ క్షమించి ఇంటికి వెళ్లమ్మా" అని ఆమెను పంపడం తప్పు. దేవుడి క్షమాపణ అతనికి దొరికినా, ఆమె భద్రతకు అది హామీ కాదు. ఏడాది రెండేళ్లు అతని నడవడి చూడాలి, ఆమె దూరంగా ఉంటానంటే సంఘం ఆమె పక్షాన నిలబడాలి. 2005 గృహహింస చట్టం ఉంది, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఉంది. నిజంగా పశ్చాత్తాపపడ్డవాడు ఆ షరతులకు ఎదురు చెప్పడు.

పడిన తర్వాత వచ్చే ఆదివారం

మళ్లీ పడిన విశ్వాసి సాధారణంగా ముందు చేసేది మందిరానికి రావడం మానేయడం. వచ్చినా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గరకు రాడు. "అయోగ్యముగా" రొట్టె తిని పాత్రలోది తాగినవాడు అపరాధి అవుతాడని 1 కొరింథీ 11లో చదివి భయపడతాడు. ఏళ్ల తరబడి ప్రభువు బల్లకు దూరంగా, వెనక వరుసలో కూర్చునే మనుషులు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్లను అలా కూర్చోనివ్వడమే పవిత్రతను కాపాడటం అనుకునే పెద్దలూ ఉన్నారు.

ఆ అధ్యాయం ఎవరిని మందలించిందో పై నుంచి చదవాలి. కొరింథు సంఘంలో డబ్బున్నవాళ్లు ముందే కడుపునిండా తినేవారు, తాగి మత్తెక్కేవారు. పేదవాళ్లు ఆకలితో మిగిలిపోయేవారు. "దేవుని సంఘమును తిరస్కరించి పేదలను సిగ్గుపరచుదురా?" అని పౌలు అడిగింది అందుకే. అయోగ్యంగా తినడమన్న మాట ఆ తిండి గురించి, ఆ అవమానం గురించి మొదలైంది. తనను తాను పరీక్షించుకోమన్నాక పౌలు బల్లకు దూరంగా పొమ్మనలేదు, "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను" అన్నాడు. శనివారం రాత్రి పడి, దుఃఖపడి, ఒక మనిషికి ఒప్పుకున్నవాడు ఆదివారం ఆ బల్లకు రావచ్చు, రావాలి. ఈ సంగతి అతను పడ్డాక వెతికి చెప్పడం కష్టం కాబట్టి, బాప్తిస్మం ఇచ్చే ముందు నేర్పే పాఠాల్లోనే కాపరి చెప్పి ఉంచాలి.